నాన్న చెవి, కొత్త హాలు, 57 హెర్ట్జ్

క్లబ్బు పత్రికకి ఏదైనా రాయమని సీనియర్లు అడిగిన ప్రతిసారీ తప్పించుకుంటూ వచ్చాను. కవిత్వం నాకు రాదు, కథ మొదలుపెడితే ముగింపు దొరకదు. చివరికి "నీకు తెలిసిందే రాయరా, పాఠమైనా పర్లేదు" అన్నారు. కాబట్టి ఇది పాఠమే. స్పీకర్లలో బేస్ ఎందుకు పాడవుతుంది, డబ్బు ఖర్చు పెట్టకుండా ఎలా బాగు చేసుకోవచ్చు అన్నది విషయం. కాకపోతే ఇది నేను క్లాసులో నేర్చుకున్నది కాదు, సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో నేల మీద పాకుతూ నేర్చుకున్నది.

అసలు సంగతి

మా నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. చిన్నప్పట్నుంచి భజనల్లో మృదంగం వాయించేవారు. రిటైరైన రోజు డిపోలో అందరూ కలిసి డబ్బులేసుకుని ఒక ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు కొనిచ్చారు. ఆరున్నర అంగుళాల వూఫరు, పైన చిన్న ట్వీటరు, వెనక ఒక గొట్టం రంధ్రం ఉన్న మామూలు బాక్సులు. పాత పెంకుటింట్లో అవి రోజూ మోగేవి. పొద్దున్నే కచేరీ పెట్టుకుని, కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కుర్చీ చేతి మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చునేవారు.

రెండేళ్ళ క్రితం పెంకుటిల్లు తీసేసి శ్లాబు ఇల్లు కట్టుకున్నాం. ఆ తర్వాత నెమ్మదిగా పాటలు ఆగిపోయాయి. నేను హాస్టల్లో ఉండటంతో గమనించలేదు. మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు స్పీకర్ల మీద దుమ్ము చూసి అడిగితే, "ఎడమ చెయ్యి వినపడట్లేదురా. బొయ్‌మని మోత తప్ప మృదంగం తెలీట్లేదు. ముప్ఫై ఏళ్ళు ఇంజను పక్కన కూర్చున్నాను కదా, చెవి పోయుంటుంది" అన్నారు. చాలా మామూలుగా అన్నారు, కరెంటు పోయింది అన్నట్టు.

మర్నాడు చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పరీక్ష చేసి, పై స్వరాలు కొంచెం తగ్గాయనీ, ఈ వయసులో అది మామూలేననీ, కింది స్వరాలు బాగానే వినపడుతున్నాయనీ చెప్పారు. ఇంటికొచ్చే దారంతా నాకు ఒకటే ప్రశ్న. మృదంగంలో ఎడమ వైపు, అంటే తొప్పి, పలికేది కింది స్వరాలే కదా! నాన్నకి బాగా వినపడేది అదే అయినప్పుడు, సరిగ్గా అదే ఎందుకు పోయింది?

చెవి బాగుంది, స్పీకర్లు పాతవే, పాటలు పాతవే. మారింది ఇల్లొక్కటే.

గది కూడా ఒక వాయిద్యమే

వేణువులో గాలి ఒక నిర్దిష్టమైన పొడవులో ఇరుక్కుని ఆ పొడవుకి తగ్గ స్వరం పలుకుతుంది. నాలుగు గోడలు, నేల, శ్లాబు మధ్య ఇరుక్కున్న గాలి కూడా అంతే. శబ్దం ఒక గోడ నుంచి ఎదుటి గోడకి వెళ్ళి తిరిగి వస్తుంది. ఆ రానూపోనూ దూరం సరిగ్గా ఒక తరంగదైర్ఘ్యం అయితే, వెళ్ళేదీ వచ్చేదీ కలిసి స్థిర తరంగం ఏర్పడుతుంది. ఫిజిక్సు ల్యాబులో రెజొనెన్స్ కాలమ్‌తో అందరం చేసిందే ఇది. అక్కడ గొట్టం, ఇక్కడ హాలు.

లెక్క చాలా తేలిక. శబ్ద వేగాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగించాలి. మన వాతావరణంలో 25 డిగ్రీల దగ్గర వేగం సెకనుకి 346 మీటర్లు అనుకోవచ్చు. మా హాలు 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు.

పొడవు 3.66 మీటర్లు: 346 ÷ (2 × 3.66) = 47 హెర్ట్జ్
వెడల్పు 3.05 మీటర్లు: 346 ÷ (2 × 3.05) = 57 హెర్ట్జ్
ఎత్తు 3.05 మీటర్లు: ఇదీ 57 హెర్ట్జే

వీటి రెట్టింపులు, మూడు రెట్లు కూడా ఉంటాయి. పొడవుకి 95, 142. వెడల్పుకి, ఎత్తుకి 113, 170. మూలల మీదుగా ఏటవాలుగా తిరిగే తరంగాలు ఇంకొన్ని ఉంటాయి గానీ, వాటి బలం తక్కువ కాబట్టి ప్రస్తుతానికి వదిలేద్దాం.

ఇక్కడే మా మేస్త్రీ తెలీకుండా చేసిన పని బయటపడింది. వెడల్పూ ఎత్తూ సమానం కావడంతో రెండు స్థిర తరంగాలు ఒకే 57 మీద పడ్డాయి. బేస్ గిటారులో రెండో లావు తీగ స్వరం 55 హెర్ట్జ్. ఆ తీగ మీటినప్పుడల్లా మా హాలు కూడా దాంతోపాటు మోగుతుందన్నమాట. పక్క స్వరాలకి అంత మోత ఉండదు. అందుకే ఏ పాట పెట్టినా బేస్ అంతా ఒకే స్వరంలా వినిపిస్తుంది. పది పది కొలతల గదుల్లో ఉంటున్న మిత్రులారా, మీ పరిస్థితి కూడా ఇంతే.

మరి పెంకుటింట్లో ఈ గొడవ ఎందుకు లేదు? పైన శ్లాబు లేదు. వాలుగా ఉన్న కప్పు, పెంకుల మధ్య సందులు, పగలంతా తెరిచి ఉండే తలుపులు, అటక మీద బట్టల మూటలు. కింది స్వరాలు ఆ సందుల్లోంచి బయటికి పోయేవి, మూటల్లో అరిగిపోయేవి. కొత్త ఇంట్లో తొమ్మిదంగుళాల ఇటుక గోడ, సిమెంటు పూత, నేల మీద నున్నటి టైల్సు. తలుపు వేస్తే ఆ శక్తికి పోయే దారి లేదు. స్వరం ఆగాక కూడా గది మోగుతూనే ఉంటుంది. తొప్పి మీద ఒక దెబ్బ మోత తగ్గేలోపు రెండో దెబ్బ పడుతుంది. రెండూ కలిసి ముద్దయిపోతాయి. నాన్నకి వినపడనిది శబ్దం కాదు, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండాల్సిన ఖాళీ.

ఏ స్వరాల దగ్గర గది పెత్తనం

ఎంత ఫ్రీక్వెన్సీ వరకు గది ఇలా వేధిస్తుందో చెప్పడానికి ష్రోడర్ ఫ్రీక్వెన్సీ అని ఒకటుంది. మోత ఆగడానికి పట్టే సమయాన్ని గది ఘనపరిమాణంతో భాగించి, వర్గమూలం తీసి, 2000తో గుణించాలి. సమయం సెకన్లలో, పరిమాణం ఘనపు మీటర్లలో. మా హాలు 34 ఘనపు మీటర్లు. మోత అర సెకను అనుకుంటే సుమారు 240 హెర్ట్జ్ వస్తుంది. దానికి పైన స్పీకరు నాణ్యత ముఖ్యం. దానికి కింద స్పీకరు ఎంత ఖరీదైనదైనా గది చెప్పిందే వేదం. కొత్త సబ్‌వూఫరు కొందామని నేను ముందు అనుకున్న మాట నిజం. కొని ఉంటే మోత ఇంకా పెరిగేది.

ముందు చూడాల్సినవి రెండు

గది మీద పడే ముందు రెండు చిన్న విషయాలు సరిచూసుకోండి.

మొదటిది, తీగల ఎరుపు నలుపు. ఒక స్పీకరుకి తీగలు తిరగబడితే, ఒక వూఫరు ముందుకొచ్చినప్పుడు రెండోది వెనక్కెళ్తుంది. అప్పుడు బేస్ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. రెండు స్పీకర్లూ పక్కపక్కన పెట్టి, ఏదో ఒక దాని తీగలు మాత్రం మార్చి వినండి. ఏ అమరికలో బేస్ ఎక్కువగా ఉంటే అదే సరైనది. తీగ మరీ సన్నగా ఉంటే మార్చేయండి. అర చదరపు మిల్లీమీటరు తీగ అయిదు మీటర్లు లాగితే, రానూపోనూ కలిపి 0.34 ఓము అవుతుంది. ఒకటిన్నర చదరపు మిల్లీమీటరు వైరింగ్ తీగ అయితే 0.11 ఓమే. కోన్‌కి ఆంప్లిఫయరు వేసే బ్రేకు ఈ నిరోధం వల్ల కొద్దిగా బలహీనపడుతుంది. ఆకాశమంత తేడా రాదు, కానీ పెద్ద ఖర్చూ కాదు.

రెండోది, వాల్యూం. మన చెవికి కింది స్వరాలు తక్కువ శబ్దంలో అసలే సరిగ్గా వినపడవు. దీన్ని ఫ్లెచర్, మన్‌సన్ 1933లోనే కొలిచి చూపించారు. రాత్రి పూట చిన్నగా పెట్టుకుని "బేస్ లేదు" అనుకుంటే, అది స్పీకరు తప్పు కాదు, గది తప్పూ కాదు.

స్పీకరు ఎక్కడ పెట్టాలి

మా స్పీకర్లు రెండూ హాలు మూలలో ఉన్న సిమెంటు అల్మారాలో పక్కపక్కన ఉండేవి. నాన్న ఎదుటి గోడకి ఆనుకున్న దివాన్ మీద, తల గోడకి చేర్చి కూర్చునేవారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. ధ్వని పరంగా ఇంతకంటే చెడ్డ ఏర్పాటు లేదు. ఎందుకో చూద్దాం.

స్థిర తరంగంలో గోడ దగ్గర పీడనం ఎప్పుడూ గరిష్ఠం. మూల అంటే మూడు ఉపరితలాలు కలిసే చోటు, అంటే మూడు దిక్కుల తరంగాలకీ గరిష్ఠ స్థానం. అక్కడ స్పీకరు పెడితే గదిలోని ప్రతి స్థిర తరంగాన్నీ పూర్తి బలంతో రేపుతుంది. ఉయ్యాలని సరిగ్గా చివర్లో తోసినట్టు. పైగా దగ్గర్లో ఉన్న ఒక్కొక్క గోడ కింది స్వరాలకి సిద్ధాంతం ప్రకారం 6 డెసిబెల్స్ దాకా కలుపుతుంది. ఇక వినేవాళ్ళ తల గోడకి ఆనితే అక్కడా గరిష్ఠమే. రేపేదీ గరిష్ఠం, వినేదీ గరిష్ఠం.

అలాగని గది నడిమధ్యన కూర్చుంటే ఇంకో ఇబ్బంది. మొదటి స్థిర తరంగానికి నడిమధ్యన పీడనం సున్నా. మా హాలు పొడవులో మధ్యన కూర్చుంటే 47 హెర్ట్జ్ చుట్టుపక్కల స్వరాలు మాయమవుతాయి. అందుకని మధ్యే మార్గం, వెనక గోడ నుంచి పొడవులో మూడో వంతు దూరం. అక్కడ పొడవు వైపు మొదటి రెండు తరంగాలు, అంటే 47, 95, గోడ దగ్గరున్న పీడనంలో సగమే ఉంటాయి. ఏదీ మాయం కాదు, ఏదీ మీద పడదు.

వెడల్పు వైపు ఇంకో మంచి ఉపాయం ఉంది. రెండు స్పీకర్లనీ పక్క గోడల నుంచి వెడల్పులో నాలుగో వంతు దూరంలో పెట్టాలి. మా హాలుకి అది రెండున్నర అడుగులు. మొదటి తరంగంలో గది ఎడమ సగం పీడనం పెరిగేటప్పుడు కుడి సగం తగ్గుతుంది. రెండు స్పీకర్లూ సమదూరంలో ఉండి ఒకేసారి ఒకే బేస్ పలికితే, ఒకటి రేపినదాన్ని రెండోది అణిచేస్తుంది. కాబట్టి వెడల్పు వైపు 57 పుట్టదు. ఇక నాలుగో వంతు స్థానం రెండో తరంగానికి సున్నా పీడన స్థానం. కాబట్టి 113 కూడా పుట్టదు. పైసా ఖర్చు లేకుండా, టేపుతో కొలిచి రెండు శత్రువుల్ని తీసేసినట్టే.

మిగిలింది ఎత్తు వైపు 57. కుర్చీలో కూర్చున్న మనిషి చెవి నేల నుంచి మూడున్నర, నాలుగు అడుగుల్లో ఉంటుంది. పది అడుగుల గదిలో అది నడిమధ్యకి దగ్గరే కాబట్టి ఆ తరంగం చెవికి అంతగా తగలదు. స్పీకర్లని నేల మీద కాకుండా స్టూళ్ళ మీద పెడితే దాన్ని రేపడం కూడా తగ్గుతుంది.

వెనక గోడకి ఎంత దూరం అన్నది కొంచెం చిక్కు ప్రశ్న. వూఫరు నుంచి వెనక్కి వెళ్ళిన కింది స్వరం గోడకి తగిలి తిరిగొస్తుంది. ఆ అదనపు ప్రయాణం అర తరంగదైర్ఘ్యం అయితే, ముందుకెళ్ళే శబ్దాన్ని కొట్టేస్తుంది. శబ్ద వేగాన్ని ఆ దూరానికి నాలుగు రెట్లతో భాగిస్తే ఏ స్వరం దెబ్బతింటుందో తెలుస్తుంది. ఒక మీటరు దూరం పెడితే 86 హెర్ట్జ్ దగ్గర గుంట పడుతుంది. అది బేస్ గుండెకాయ లాంటి చోటు. చిన్న గదుల్లో గోడకి దగ్గరగా పెట్టడమే మేలు, అప్పుడు ఆ గుంట పైకి జరిగిపోతుంది. మా బాక్సుల వెనక గొట్టానికి గాలాడాలి కాబట్టి జానెడు ఖాళీ వదిలాం. వూఫరు గోడ నుంచి ఒకటిన్నర అడుగు దూరంలోకొచ్చింది, గుంట 190 దగ్గరికి వెళ్ళింది. అది సర్దుకోవచ్చు.

పాకుడు పరీక్ష

అన్ని గదులూ మా హాలులా నలుచదరంగా ఉండవు. ఒక వైపు వంటింటి ద్వారం, ఇంకో వైపు మెట్లు ఉంటాయి. అప్పుడు లెక్క కంటే చెవి మేలు. స్పీకరుని తీసుకెళ్ళి మీరు కూర్చునే కుర్చీలో పెట్టండి. బేస్ బాగా నడిచే పాట ఒకటి తిరిగి తిరిగి మోగేలా పెట్టి, స్పీకర్లు పెట్టదగ్గ చోట్లన్నిటి దగ్గరికీ చెవి నేలబారుగా ఉంచి పాకండి. ఎక్కడ స్వరాలన్నీ సమంగా, విడివిడిగా వినిపిస్తాయో అక్కడ స్పీకరు పెడితే, కుర్చీలో కూర్చున్నవాళ్ళకి అలాగే వినిపిస్తుంది. మూలాన్నీ శ్రోతనీ తారుమారు చేసినా ఫలితం మారదనే అన్యోన్యతా సూత్రం దీనికి ఆధారం. హెల్మ్‌హోల్ట్జ్, రేలీ పేర్ల మీద ఉన్న సూత్రం అది.

నేను ఇలా పాకుతుంటే అమ్మ వంటింట్లోంచి వచ్చి, "ఏం పోగొట్టావురా, చీపురు ఇవ్వనా?" అంది. నాన్న కుర్చీలో ఉండాల్సిన చోట స్పీకరు ఉండటం చూసి ఇంకేం అడగలేదు.

ఫోనుతో కొలవాలనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఫోను మైకు కింది స్వరాల్ని తక్కువ చేసి చూపిస్తుంది. అందుకని 50 హెర్ట్జ్ కొలతనీ 200 హెర్ట్జ్ కొలతనీ పోల్చకండి. ఒకే ఫ్రీక్వెన్సీ, ఒకే వాల్యూం ఉంచి, చోటు మార్చి పోల్చితే తేడా నమ్మదగ్గదే. నేను 57 హెర్ట్జ్ స్వరం పెట్టి కొలిచాను. పాత ఏర్పాటు కంటే కొత్త ఏర్పాటులో 9 డెసిబెల్స్ తక్కువ చూపించింది. ఒక్క స్వరంలో 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి దాదాపు సగమైనట్టు అనిపిస్తుంది. అయితే స్వరాలు పెట్టేటప్పుడు వాల్యూం తక్కువగా ఉంచండి. మరీ కింది ఫ్రీక్వెన్సీల్లో కోన్ హద్దు దాటి కొట్టుకుంటుంది, కాయిల్ పోతుంది.

డ్యాంపింగ్: బాక్సులో

డ్యాంపింగ్ అంటే ఊగుతున్నదాని శక్తిని రాపిడి ద్వారా వేడిగా మార్చి ఆపడం. ఇది రెండు చోట్ల కావాలి.

మొదట బాక్సు. పక్క చెక్కని వేలి కణుపుతో తట్టండి. "టక్" అంటే మంచిది, "డబ్" అని డప్పులా మోగితే చెక్క కూడా పాడుతోందన్నమాట. లోపల రెండు పక్క చెక్కల మధ్య గట్టి కర్ర ముక్క ఒకటి బిగించి అతికిస్తే చాలావరకు ఆగుతుంది. దిండ్లలో నింపే పాలిస్టర్ దూది గోడలకి ఒక పొరగా అతికిస్తే బాక్సు లోపల అటూ ఇటూ తిరిగే తరంగాలు అరుగుతాయి. పావు మీటరు లోతున్న బాక్సులో అలాంటి మొదటి తరంగం 690 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. అది బేస్ కాదు, గొంతు పలికే ప్రాంతం. అంటే దూది వేస్తే బేస్ పెరగదు, బేస్ మీద కమ్ముకున్న మసక పోతుంది.

గొట్టం లేని మూసిన బాక్సు అయితే కథ వేరు. దాంట్లో దూది వదులుగా నిండా నింపవచ్చు. గాలి నొక్కుకున్నప్పుడు పుట్టే వేడిని దూది పీల్చుకోవడం వల్ల గాలి స్ప్రింగు మెత్తబడుతుంది, బాక్సు నిజంగా ఉన్నదాని కంటే కొంచెం పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది. బేస్ కాస్త కిందికి దిగుతుంది. గొట్టం ఉన్న బాక్సులో మాత్రం గొట్టం నోరు మూసుకుపోకుండా గోడలకే పరిమితం చేయాలి.

ఇక ఆ గొట్టం సంగతి. సీసా మూతి మీద ఊదితే వచ్చే స్వరం లాంటిదే అది. బాక్సులో గాలి స్ప్రింగు, గొట్టంలో గాలి బరువు. రెండూ కలిసి ఒక స్వరం దగ్గర బలంగా ఊగి, వూఫరుకి సాయం చేస్తాయి. ఆ స్వరం ఏదో తెలుసుకోవాలంటే 100 హెర్ట్జ్ నుంచి కిందికి ఒక్కొక్క స్వరం చిన్నగా పెడుతూ కోన్‌ని చూడండి. ఎక్కడ కోన్ కదలిక బాగా తగ్గిపోతుందో అదే గొట్టం స్వరం. అక్కడ పని అంతా గొట్టం చేస్తుంటుంది. మా బాక్సుల్లో కోన్ ఎక్కడ ఆగిందో ఊహించండి. 55 దగ్గర! బాక్సు మోగేదీ, గది మోగేదీ ఒకే చోట.

దీనికి మందు నాన్న పెట్టెలో దొరికింది. యూనిఫాం మీద వేసుకునే పాత మేజోళ్ళు. ఒక్కో గొట్టంలో ఒకటి చుట్టి, మరీ బిగుతుగా కాకుండా కుక్కాం. గొట్టం సాయం తగ్గి బాక్సు దాదాపు మూసిన బాక్సులా మారుతుంది. గొట్టం ఉన్న బాక్సు దాని స్వరానికి కింద ఆక్టేవుకి 24 డెసిబెల్స్ చొప్పున పడిపోతుంది. మూసినది 12 చొప్పున నెమ్మదిగా దిగుతుంది. ఇటుక గోడల చిన్న గది ఆ దిగుడుని కొంత పూడుస్తుంది కూడా. మొత్తం బేస్ కొంచెం తగ్గినట్టనిపిస్తుంది గానీ, దెబ్బ దెబ్బా విడిగా తెలుస్తుంది. నచ్చకపోతే మేజోడు లాగేస్తే చాలు, పాత పద్ధతి తిరిగొస్తుంది.

డ్యాంపింగ్: గదిలో

గది ధ్వనిని లెక్కలోకి తెచ్చినవాడు హార్వర్డ్ ప్రొఫెసర్ వాలెస్ సబీన్. 1895లో అక్కడ ఫాగ్ మ్యూజియంలో ఒక లెక్చరు హాలు ఎవరి మాటా అర్థం కానంత మోతగా ఉంటే, దాన్ని బాగు చేయమని ఆయనకి అప్పగించారు. ఒక్క మాట అంటే అయిదున్నర సెకన్లు మోగేదట. ఆయన పక్కనే ఉన్న సాండర్స్ థియేటరు నుంచి కుర్చీల మెత్తలు రాత్రిళ్ళు తెచ్చి, పరిచి, మోత ఎంత తగ్గిందో కొలిచి, తెల్లారేలోపు వెనక్కి చేర్చేవాడు. ఇవాళ మనం వాడే రెవర్బరేషన్ సూత్రం ఆ మెత్తల నుంచే వచ్చింది. మా ఇంట్లో పరుపులు మోస్తున్నప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చాడు.

కానీ ఇక్కడ చాలామంది పొరపాటు పడే చోటు ఉంది. కోడిగుడ్ల అట్టలు, పలచటి ఫోము, తెరలు బేస్‌ని ఆపలేవు. మెత్తటి పదార్థం పని చేసేది గాలి కదులుతున్న చోట. గోడని ఆనుకున్న చోట గాలి కదలదు, పీడనం మాత్రమే మారుతుంది. కదలిక గరిష్ఠమయ్యేది గోడ నుంచి పావు తరంగదైర్ఘ్యం దూరంలో. 57 హెర్ట్జ్‌కి అది అయిదు అడుగులు! అంగుళం మందం ఫోము పై స్వరాల్ని మాత్రమే తినేస్తుంది. గది గోడలన్నిటికీ అతికిస్తే పాట చచ్చుబడుతుంది, మోత మాత్రం అలాగే ఉంటుంది.

ఇంట్లో ఉన్నవాటిలో పనికొచ్చేవి లావుపాటివే. అటక మీద పాత బూరుగు దూది పరుపులు రెండున్నాయి. వాటిని చుట్టి, తాడుతో కట్టి, దివాన్ వెనక రెండు మూలల్లో నిలబెట్టి, పైన దుప్పటి కప్పాం. 100 నుంచి పైన మోత బాగా తగ్గింది. 57 దగ్గర మాత్రం కొద్దిగానే. అక్కడ ఎక్కువ పనిచేసింది ఏంటో తెలుసా? వరండా తలుపు తెరవడం. తెరిచిన తలుపు అంటే శబ్దం తిరిగి రాని గోడ. పెంకుటింటి రహస్యంలో సగం అదే.

చివరగా ఈక్వలైజరు. స్థానాలన్నీ సరిచేశాక ఇంకా ఏదైనా ఒక స్వరం పొడుచుకొస్తుంటే, దాన్ని తగ్గించడానికి మాత్రమే వాడండి. మాయమైన స్వరాన్ని పెంచాలని చూడకండి. 10 డెసిబెల్స్ పెంచడానికి పది రెట్లు పవర్ కావాలి. అంత పోసినా సున్నా స్థానంలో సున్నాయే ఉంటుంది, ఆంప్లిఫయరు మాత్రం వేడెక్కుతుంది.

మీరు చేయాల్సిన క్రమం

1. తీగల ఎరుపు నలుపు సరిచూడండి.
2. గది కొలిచి, మూడు దిక్కుల స్వరాలూ లెక్కగట్టండి. రెండు ఒకే చోట పడుతున్నాయేమో చూడండి.
3. స్పీకర్లని మూలల్లోంచి, అల్మారాల్లోంచి బయటికి తీసి, పక్క గోడలకి సమదూరంలో పెట్టండి.
4. తల గోడకి ఆనించకండి, నడిమధ్యనా కూర్చోకండి.
5. అనుమానం ఉంటే పాకండి.
6. గొట్టంలో మేజోడు పెట్టి, తీసి, రెండూ విని చూడండి.
7. లావుపాటి పరుపులు మూలల్లో పెట్టండి. తలుపు తెరవండి.
8. ఇవన్నీ అయ్యాకే ఈక్వలైజరు. కొత్తవి కొనడం ఆ తర్వాతి మాట.

ఆ తర్వాత

అన్నీ సర్దేసరికి సాయంత్రమైంది. పడక కుర్చీ హాలు మధ్యలో అడ్డంగా ఉందని అమ్మ ఒప్పుకోలేదు. చివరికి పాట వినేటప్పుడు మాత్రం కుర్చీ ముందుకి లాక్కునేలా రాజీ కుదిరింది. కాళ్ళు ఎక్కడుండాలో అమ్మే నాలుగు ముగ్గు చుక్కలు పెట్టింది.

నాన్న పాత కచేరీ ఒకటి పెట్టమన్నారు. తని ఆవర్తనం మొదలైంది. మృదంగం కుడి వైపు నల్లటి పూత వల్ల దాని స్వరాలన్నీ ఒకదానికొకటి లెక్కలో కుదురుతాయని సి.వి. రామన్ 1920లో రాశారు. ఎడమ వైపుకి అలా శాశ్వతమైన పూత ఉండదు, వాయించే ముందు రవ్వ ముద్ద తడిపి అద్దుతారు. బరువు పెరిగి స్వరం కిందికి దిగుతుంది. ఆలోచిస్తే అదీ మన పాఠమే, ఏదో ఒకటి అద్ది ఊగేదాన్ని అదుపులో పెట్టడం.

కాసేపు నాన్న కదల్లేదు. తర్వాత ఎడమ చెయ్యి కుర్చీ చేతి మీదకొచ్చింది. మడమతో నొక్కి జార్చే ఆ గుంకీ దగ్గర ఆయన చెయ్యి కూడా జారింది. పాట అయ్యాక, "చెవి బాగానే ఉందన్నమాట" అన్నారు. అంతే.

మర్నాడు పొద్దున్నే నిద్ర లేచేసరికి అటక కింద స్టూలు వేసి ఉంది. మృదంగం గవుసెన విప్పి దివాన్ మీద ఉంది. నాన్న వంటింటి గుమ్మం దగ్గర నిలబడి అమ్మని అడుగుతున్నారు: "ఏమేవ్, బొంబాయి రవ్వ ఉందా?"

సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మీరూ ఒకసారి మీ హాలు కొలవండి. ఇంట్లో ఎవరైనా పాటలు వినడం మానేసి ఉంటే, ఎందుకో అడగండి.